కోత పడే ముందు: ఒక యువ కవికి లేఖ

మిత్రమా,

నువ్వు పంపిన ప్రేమ కవిత బాగుందట, అందులో "వాడు" ఉన్న చోటల్లా "ఆమె" అని మారిస్తే వచ్చే సంచికలోనే వేసుకుంటామని పత్రిక సంపాదకులు అన్నారట. మార్చనా అని అడిగావు. మార్చకు. అయితే ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంటే నీకు ఒరిగేదేమీ లేదు. క్వియర్ కవికీ (ఆడామగా ప్రేమల చట్రంలో ఇమడని కవికీ), ట్రాన్స్ కవికీ (పుట్టినప్పుడు చెప్పిన లింగం తనది కాదనే కవికీ) ధైర్యం చెప్పేవాళ్లు చాలామందే దొరుకుతారు. ఏ ప్రతి ఎక్కడ దాచాలో, ఒప్పందంలో ఏ వాక్యం రాయించుకోవాలో, సర్వనామం దగ్గర తెలుగు ఎంత వెసులుబాటు ఇస్తుందో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈ ఉత్తరం పొడుగవుతుంది.

అన్నిటికీ ముందు ఒక వరస పెట్టుకో. ఏదో ఒకటి మార్చక తప్పదనిపించినప్పుడు ముందు కవిత బయట ఉన్నవాటిని మార్చు. నీ పేరు మార్చు, పత్రిక మార్చు, పంపే దారి మార్చు, అచ్చయ్యే సమయం మార్చు, పరిచయంలో ఊరూ ఉద్యోగమూ తీసెయ్యి. అవన్నీ అయిపోయాక, ఇంకా ప్రమాదం మిగిలితేనే కవిత లోపల చెయ్యి పెట్టు. అప్పుడు కూడా కోత పడని అసలు ప్రతి నీ దగ్గర ఉండి తీరాలి. చాలామంది కొత్తవాళ్లు దీన్ని తలకిందులు చేస్తారు. అసలు పేరు, ఫొటో, కాలేజీ అన్నీ అలాగే ఉంచి, కవితలో ప్రేమించిన మనిషిని మార్చేస్తారు. దానివల్ల రక్షణా దొరకదు, కవితా మిగలదు.

ఇటలీ శిల్పి మైకెలాంజెలో కవితల సంగతి చూడు. ఆయన పోయాక 1623లో తమ్ముడి మనవడు వాటిని అచ్చువేస్తూ మగవాళ్లను ఉద్దేశించి రాసిన చోట్ల ఆడవాళ్లను పెట్టేశాడు. కవి చేతిరాత ప్రతులు చూసి 1863లో మళ్లీ అచ్చువేసేదాకా, అంటే 240 ఏళ్లు, లోకం చదివింది ఆ దిద్దిన ప్రతినే. తిరిగి సరిచేయడం ఎలా కుదిరింది? రాతప్రతులు మిగిలాయి కాబట్టి. అమెరికా కవి వాల్ట్ విట్మన్ ఒక కవితలో తానే మగవాణ్ణి స్త్రీగా మార్చి అచ్చువేశాడు. మొదట ఏం రాశాడో మనకు తెలిసిందీ రాతప్రతి వల్లే.

ఇప్పుడు నిన్ను ఆపుతున్నది ఎవరో తేల్చుకో. చట్టమా, సంపాదకులా, ప్రెస్సువాళ్లా, సోషల్ మీడియా సంస్థ పెట్టిన యంత్రమా, ఇంట్లోవాళ్లా, నువ్వేనా? ఒకరికి పనికొచ్చే జాగ్రత్త ఇంకొకరి దగ్గర పనిచేయదు. కలం పేరు పెట్టుకుంటే బంధువుల కంట పడకపోవచ్చు గానీ, యంత్రం పేరు చూడదు, మాట చూస్తుంది. చట్టం కూడా అన్ని చోట్లా ఒకేలా పనిచేయదు. హంగరీలో 2021 చట్టం వచ్చాక స్వలింగ ప్రేమ, ట్రాన్స్ మనుషుల విషయమున్న పిల్లల పుస్తకాలను కవరు చుట్టి అమ్మాలి. బడికో చర్చికో 200 మీటర్ల లోపు అసలు అమ్మకూడదు. రష్యాలో ఇలాంటి విషయాల ప్రచారం మీద 2013లో పిల్లల పేరు చెప్పి తెచ్చిన నిషేధాన్ని 2022 డిసెంబరులో పెద్దలకూ పొడిగించారు. 2023 నవంబరులో అక్కడి సుప్రీంకోర్టు "అంతర్జాతీయ ఎల్‌జీబీటీ ఉద్యమం" మొత్తాన్ని తీవ్రవాదం కిందికి చేర్చింది. ఒక చోట పుస్తకం కనబడకుండా పోతుంది, ఇంకో చోట మనిషే జైలుకు పోవాల్సి వస్తుంది. నువ్వున్న చోట, అచ్చయ్యే చోట, అమ్ముడయ్యే చోట ఏ చట్టం ఉందో మూడూ విడివిడిగా తెలుసుకో.

ఈ అందరిలోకీ ఎక్కువ కత్తెర వేసేది మనమే. బ్రిటన్‌లో 1988లో సెక్షన్ 28 తెచ్చారు. స్థానిక సంస్థలు స్వలింగ ప్రేమను "ప్రోత్సహించకూడదు" అని దాని సారాంశం. స్కాట్లాండ్‌లో 2000 దాకా, ఇంగ్లండ్, వేల్స్‌లో 2003 దాకా అమల్లో ఉంది. దాని కింద ఒక్కరికీ శిక్ష పడలేదు. అయినా బళ్లూ గ్రంథాలయాలూ తమంతట తామే నోరు కట్టేసుకున్నాయి. దీనికి నేను చెప్పే మందు చిన్నది. మొదటి ప్రతి రాసేటప్పుడు అచ్చు గురించి ఆలోచించకు. దిద్దేటప్పుడు కొట్టేసిన ప్రతి మాట పక్కన మార్జిన్‌లో ఒక అక్షరం వెయ్యి: కవిత కోసం కొట్టేస్తే "క", భయంతో కొట్టేస్తే "భ". "భ" పడినవన్నీ అసలు ప్రతిలో అలాగే ఉండాలి. అచ్చుకు పంపే ప్రతి వేరు. పది కవితలు అయ్యాక "భ"లు ఎక్కడ గుంపుకడుతున్నాయో చూడు. ఒంటి గురించి రాసిన చోటా, అమ్మ గురించి రాసిన చోటా, దేవుడి గురించా? నీ భయం అసలు దేని గురించో అక్కడ తెలుస్తుంది. ఒక్కోసారి అది చట్టం గురించి కానే కాదు.

ఇక భాష. ఈ విషయంలో తెలుగు కవికి కొన్ని సౌకర్యాలున్నాయి, వాటిని పూర్తిగా వాడుకున్నవాళ్లు తక్కువ. "నేను వచ్చాను", "నువ్వు వచ్చావు" అంటే ఆడో మగో తెలియదు. ప్రథమ పురుషలోకి వెళ్లగానే క్రియ చెప్పేస్తుంది: వచ్చాడు, వచ్చింది. "తను" అని రాసి తప్పించుకున్నామనుకుంటారు గానీ, వెనకే క్రియ వస్తుంది కదా. అయితే అన్ని క్రియలూ చెప్పవు. "తను ఇంకా రాలేదు" అన్నప్పుడు తెలియదు. "తను రావాలి", "తను రావచ్చు", "తను రాకూడదు", వీటిలోనూ తెలియదు. "తనకు కోపం వచ్చింది" అంటే వచ్చింది కోపం, మనిషి కాదు. "రాత్రి వచ్చి వెళ్లిన మనిషి" అంటే తెలియదు. నామవాచకాల్లో ప్రియుడు, ప్రియురాలు చెబుతాయి. నేస్తం, తోడు, ప్రాణం చెప్పవు.

ఒక పంక్తి తీసుకుని చూద్దాం. "వాడు రాత్రి వచ్చాడు, గొడుగు మరిచిపోయాడు." దీన్ని "రాత్రి వచ్చావు, గొడుగు మరిచిపోయావు" అంటే ఎదురుగా నిలబడి మాట్లాడినట్టవుతుంది. "రాత్రి వచ్చిన గొడుగు ఇక్కడే ఉంది, తీసుకెళ్లాలని తనకు గుర్తు రాలేదు" అంటే మనిషి పక్కకు తప్పుకుని వస్తువు ముందుకొస్తుంది. "రాత్రి వచ్చారు, గొడుగు మరిచిపోయారు" అంటే వ్యాకరణం ప్రకారం ఎవరైనా కావచ్చు. కానీ "వారు" అంటే మన చెవికి పెళ్లాం మొగుడి గురించి చెబుతున్నట్టు వినిపిస్తుంది. దాచబోయి మరో కాపురం కల్పించినట్టవుతుంది. ప్రేమ కవితలో ఆ "రు" అందుకే జాగ్రత్తగా వాడాలి.

ఇలా లింగం చెప్పకుండా రాయడం అబద్ధమా? నా లెక్కలో కాదు. "వాడు" ఉన్న చోట "ఆమె" పెట్టడం అబద్ధం. చెప్పకుండా వదిలేయడం మౌనం. మౌనాన్ని తర్వాత పూరించవచ్చు, తెలిసినవాళ్లు ఇప్పుడే పూరించుకుంటారు. అబద్ధాన్ని మాత్రం మొత్తం కడిగితేనే గానీ పోదు.

ట్రాన్స్ కవుల దగ్గర ఈ సలహా అంతా తిరగబడుతుంది, ఇది బాగా గుర్తుంచుకో. "నేను ఒంటరివాణ్ణి", "నేను ఒంటరిదాన్ని", "నేను ఒంటరిని", ఈ మూడింట్లో ఏది రాయాలన్నదే కొందరి జీవితమంతా. మొదటి చరణంలో "వాణ్ణి"తో మొదలై చివరికి "దాన్ని" దగ్గరికి చేరే కవితలో ఆ ప్రత్యయాలను మాయం చేస్తే, సెన్సారు చేయాల్సిన పనిని మనమే చేసిపెట్టినట్టు. అలాంటి కవిత విషయంలో వ్యాకరణాన్ని ముట్టుకోకు. పేరూ పత్రికా మార్చు, లేదంటే అచ్చు వాయిదా వెయ్యి.

ఇతరులు మార్చకుండా ఆపడానికి ఛందస్సు కూడా పనికొస్తుంది. కీలకమైన మాటను ప్రాస స్థానంలోనో అంత్యప్రాసలోనో కూర్చోబెట్టు.

మెట్ల మీద ఆగినవాడు
నా పేరు మెల్లగా అన్నాడు
చాలు ఈ రాత్రికి ఆ తోడు

ఇందులో "అన్నాడు"ను "అంది" చేస్తే "తోడు" దగ్గర పాదం కుంటుతుంది. దిద్దినట్టు చెవికి తెలిసిపోతుంది. కాగితం దగ్గర పెట్టుకోవడమే ప్రమాదమైన చోట గొంతులో దాచుకోవడానికీ యతిప్రాసలే ఆసరా. వచన కవిత నాలుగు నెలల్లో మాటలు జారవిడుస్తుంది. ప్రాస ఉన్నది జారితే జారిన చోటు తెలుస్తుంది.

సంకేతాల గురించీ అడిగావు. ఇంద్రధనుస్సు, సీతాకోకచిలుక, ముసుగు, అద్దం: వీటిని వదిలెయ్యి. అందరికీ తెలిసిపోయాయి కాబట్టి దేన్నీ దాచవు, అరిగిపోయాయి కాబట్టి కవితనూ నిలబెట్టవు. మంచి సంకేతం తెలియని పాఠకుడికి కూడా పూర్తి అర్థం ఇవ్వాలి, తెలిసిన పాఠకుడికి రెండో అర్థం ఇవ్వాలి. "గుమ్మం దగ్గర ఒకే సైజు చెప్పులు రెండు జతలు" అని రాస్తే సర్వనామం అక్కర్లేదు. ఒకరికి అది గుమ్మం, ఇంకొకరికి కాపురం. కింద వివరణ మాత్రం ఎప్పుడూ రాయకు, ఇంటర్వ్యూలో కూడా విప్పకు.

రాతప్రతి దాచడం విసుగు పుట్టించే పని, కానీ అసలు రక్షణ అక్కడే ఉంది. మూడు ప్రతులు ఉండాలి, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటి బయట. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఇంకొకటి నమ్మకమైన మనిషి దగ్గర. వెరాక్రిప్ట్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో తాళం వెయ్యి. సంకేతపదంగా ఒకదానితో ఒకటి సంబంధం లేని ఆరు మాటలు పెట్టుకో, అది మరిచిపోతే నీ కవితలు నీకే దక్కవు. అందుకే మొదటి వారంలోనే ఒకసారి మూసి తెరిచి చూసుకో. ఫైలు పేరులో తేదీ ఉండాలి, కవిత పేరు వద్దు. టైపు యూనికోడ్‌లోనే చెయ్యి. డీటీపీవాళ్లు అను ఫాంట్స్‌లో చేసిస్తే ఆ ఫాంటు లేని చోట అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తాయి, పదేళ్ల తర్వాత నీ అసలు ప్రతిని ఎవరూ చదవలేరు.

చాలామంది పట్టుబడేది తాళం విరిగి కాదు, చిన్నచిన్న వాటివల్ల. ఇంటిల్లిపాదీ వాడే ఫోన్‌లో టైపు చేస్తే కీబోర్డు నీ మాటలు నేర్చుకుని వేరేవాళ్లకు సూచిస్తుంది. కుటుంబమంతా ఒకే ఖాతా వాడితే నువ్వు తీసిన ఫొటో అందరి ఫోన్లలోకీ వెళ్తుంది. తెర మీద నోటిఫికేషన్‌లో కవిత మొదటి పంక్తి కనిపిస్తుంది. ఈ మూడూ సెట్టింగుల్లో ఆపేయవచ్చు. పంపే ఫైలులో రచయిత పేరు దాగి ఉంటుంది; ఫొటోలో తీసిన చోటు దాగి ఉండవచ్చు. కొత్త ఖాళీ ఫైలులోకి ఉత్త అక్షరాలు మాత్రమే అతికించి, దాన్ని పీడీఎఫ్ చేసి, ప్రాపర్టీస్ తెరిచి చూసి పంపు.

కలం పేరు పెట్టుకుంటే దాన్ని మొదటి రోజు నుంచే విడిగా పెంచు. దానికి వేరే ఈమెయిలు ఉండాలి, నీ ఫోన్ నంబరు దానికి ఇవ్వకూడదు, కాంటాక్టులు చూసే అనుమతి ఇవ్వకూడదు. ఇస్తే "మీకు తెలిసినవారు కావచ్చు" అని నీ మేనమామకే నిన్ను చూపిస్తుంది. ఒకే కవితను రెండు పేర్లతో ఎక్కడా వేయకు. పారితోషికం ఏ పేరున, ఏ ఖాతాలో పడుతుందో, ఆ సంగతి పత్రికలో ఎవరెవరికి తెలుస్తుందో ముందే అడుగు. ట్రాన్స్ కవులకు ఇంకో పని ఉంది: పాత పేరుతో అచ్చయినవి. పేరు మార్చమని అడిగేటప్పుడు కవిత కింద ఉన్న పేరు ఒక్కటే అడిగితే చాలదు. విషయసూచిక, ఈబుక్ లోపలి వివరాలు, గ్రంథాలయ కేటలాగు, సంపాదకీయంలో ప్రస్తావన, రచయిత పరిచయంలోని సర్వనామం, అన్నీ జాబితా రాసి ఒకేసారి పంపు. "పూర్వనామం ఫలానా" అని సవరణ ప్రకటన వేయవద్దని కూడా రాతపూర్వకంగా కోరు. కొత్త ఒప్పందాల్లో ఈ వాక్యం ముందే పెట్టించు.

ఒప్పందం అంటే గుర్తొచ్చింది, నాలుగు సంగతులు చూడు. నీ లిఖిత అనుమతి లేకుండా ఒక్క అక్షరం మార్చకూడదు. చివరి ప్రూఫులు నీకు చూపించాలి. అచ్చు ఆపేస్తే ఆరు నెలల్లో హక్కులూ, పేజీలు పెట్టిన ఫైళ్లూ నీకు తిరిగి రావాలి. కేసు పడితే ఖర్చంతా రచయితదే అనే వాక్యం ఉంటే సంతకం పెట్టకు. మూడోది చిన్నదిగా కనిపిస్తుంది గానీ, 1882లో విట్మన్‌ను నిలబెట్టింది అదే. బోస్టన్‌లో ప్రాసిక్యూటరు బెదిరిస్తే ప్రచురణకర్త పంక్తులు తీసేయమన్నాడు. కొన్ని చిన్న మార్పులకు సరేనన్న విట్మన్, పెద్ద కోతలకు ఒప్పుకోలేదు. అచ్చు ఆగిపోయింది. కానీ అచ్చు పలకలు కవి చేతికి తిరిగి వచ్చాయి. వాటితోనే అదే ఏడాది ఫిలడెల్ఫియాలో పుస్తకం మళ్లీ వచ్చింది.

ఇంకో సంగతి: కేసు తరచుగా కవి మీద పడదు, కవితను అచ్చువేసినవాళ్ల మీద పడుతుంది. 1957లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అమెరికా కవి అలెన్ గిన్స్‌బర్గ్ పుస్తకం మీద అశ్లీలం కేసు నడిచినప్పుడు నిందితులు ప్రచురణకర్తా, దుకాణంలో అమ్మిన మనిషీ. తొమ్మిదిమంది సాహితీ నిపుణులు సాక్ష్యం చెప్పాక, పుస్తకం అశ్లీలం కాదని అక్టోబరులో తీర్పు వచ్చింది. 1977లో లండన్‌లో బ్రిటిష్ కవి జేమ్స్ కిర్కప్ కవిత వేసినందుకు దైవదూషణ నేరం కింద శిక్ష పడింది పత్రికకూ, సంపాదకుడికీ. కవి మీద కేసు పెట్టలేదు. అందుకే సంపాదకులు భయపడితే వాళ్లను పిరికివాళ్లని తిట్టకు. ఏం జరగవచ్చో వాళ్లతో కూర్చుని మాట్లాడు. సమీక్షలు, ఇతర కవుల అభిప్రాయాలు, ముందు అచ్చయిన వివరాలు ఒక ఫైలులో పెట్టి ఉంచు. ఆ రోజు వస్తే పుస్తకాన్ని మొత్తంగా చదవమని కోర్టును అడగడానికి అవే ఆధారం.

కోతకు ఒప్పుకోక తప్పని రోజు వస్తే, కోసిన చోటు కనిపించేలా అడుగు: నల్ల గీత, చుక్కలు, ఖాళీ పాదం, ఏదైనా. రష్యాలో 2024లో ఇటలీ కవి, సినీ దర్శకుడు పసోలినీ జీవిత చరిత్రను ఎన్నో పేజీల మీద నల్ల రంగు పూసి అమ్మారు. ఏదో తీసేశారని చదివినవాళ్లందరికీ తెలిసింది. గుట్టుగా కుట్టేసిన కోత మాత్రం ఎవరికీ తెలియదు. ఖాళీ వదలడం కూడా కుదరదంటే కవిత వెనక్కి తీసుకో.

పత్రికలే దారి కాదు. గ్రీకు కవి కవాఫీ అలెగ్జాండ్రియాలో తన కవితలను విడి కాగితాల మీద అచ్చువేయించి, తానే కట్టలు కట్టి, తాను ఎంచుకున్నవాళ్లకు ఇచ్చేవాడు. పూర్తి సంపుటి ఆయన పోయిన రెండేళ్లకు, 1935లో వచ్చింది. రష్యా కవయిత్రి సోఫియా పార్నోక్ చివరి సంపుటి 1928లో వచ్చింది 200 ప్రతులే. తక్కువ ప్రతులు చిన్నతనం కాదు. నువ్వూ చేయగలవు: నాలుగు ఏ4 కాగితాలు మధ్యకు మడిస్తే 16 పేజీల పుస్తకం. పేజీలు ఎప్పుడూ నాలుగు గుణిజంలోనే ఉండాలి. పై కాగితం మీద ఒకవైపు 16, 1. వెనక 2, 15. ఆ వరసలోనే లోపలికి. రెండువైపులా ప్రింటు తీసేటప్పుడు పొట్టి అంచు మీద తిప్పేలా పెట్టకపోతే వెనక పేజీలు తలకిందులవుతాయి. మడత మీద రెండు పిన్నులు చాలు. చాలా రంగుల లేజర్ ప్రింటర్లు కంటికి ఆనని పసుపు చుక్కలతో యంత్రం నంబరు ముద్రిస్తాయి, కాబట్టి నలుపు తెలుపు యంత్రం మీద తీయించు. ప్రతులకు నంబర్లు వేయకు. ఎవరెవరికిచ్చావో జాబితా రాసుకోకు.

సోషల్ మీడియా గురించి ఎక్కువ చెప్పను. అక్కడ యంత్రం మాటలు ఏరుతుంది, గుంపుగా ఫిర్యాదులు చేస్తే పోస్టు పోతుంది. దాన్ని తప్పించుకోవడానికి అక్షరాల మధ్య చుక్కలు పెట్టి రాస్తున్నారు. చూపులేని పాఠకులకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ మాటలను పలకలేదు, రేపు వెతికితే కవిత దొరకదు. నాలుగు పంక్తులు అక్కడ పెట్టి, మొత్తం కవిత నీ అధీనంలో ఉన్న చోట ఉంచు. తీసేస్తే నోటీసు, తేదీ, సమయం కనిపించేలా ఫొటో తీసి, అప్పీలు గడువు దాటకముందే రాయి.

చివరిగా, నువ్వు అడగని సంగతి. పంపినవాటిలో మూడో కవితలో నీతో పాటు ఇంకొకరు ఉన్నారు. నీ పేరు దాచుకోవడం నీ ఇష్టం, వాళ్ల పేరు బయటపెట్టడం నీ ఇష్టం కాదు. పొడి అక్షరాలు ఎవరినీ దాచవు. పుట్టినరోజు, చేతి మీద మచ్చ, బండి రంగు, డ్యూటీ దిగే వేళ: వీటిలో రెండు కలిస్తే ఆఫీసులో పక్క కుర్చీలో ఉన్నవాళ్లు గుర్తుపడతారు. ఆ కవితలో మచ్చా ఉంది, రాత్రి డ్యూటీ కూడా ఉంది. మచ్చ కవితకు కావాలి, డ్యూటీ అక్కర్లేదు, తీసెయ్యి. అంకితంలో ఉన్న ఆ రెండు అక్షరాలూ తీసెయ్యి. మార్చిన ప్రతిని ముందు వాళ్లకే చూపించు. చదవడానికి వారం గడువివ్వు. వద్దంటే కారణం అడగకు, అసలు ప్రతిలో ఉంచి పక్కన పెట్టు. సరే అంటే ఏ పేరుతో, ఎక్కడ, ఎప్పుడు వస్తుందో చెప్పి, ఆ తర్వాతే సంపాదకులకు పంపు. "ఆమె" అడిగిన పత్రికకు మాత్రం ఆ మొదటి కవిత ఇవ్వనని రెండు వాక్యాల్లో మర్యాదగా రాసి, ఈ వారమే ఇంకో పత్రికకు పంపించు.